ఏడు కడాయిల ఇల్లు

బోధన్‌కు పడమట, మంజీర ఒడ్డున ఒక ఊళ్లో బెల్లం వండే కుటుంబం ఒకటి ఉండేది. శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం లేవకముందు, నిజాంసాగర్ కాలువ నీళ్లు పారకముందు, చెరువు కింద మూడు మళ్లలో చెరకు వేసి గానుగాడించిన ఇల్లది. ఆ ఇంటి గానుగ కొట్టంలో పన్నెండు కడవల రసం పట్టే ఇనుప కడాయి పొయ్యి మీద కూర్చొని ఉండేది. ఇద్దరు పిల్లలు అందులో దిగి ఆడుకోవచ్చు. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు ముందు దాన్ని చూసి, ఆ తర్వాతే కాళ్లు కడుక్కునేవాళ్లు.

ఇంత కడాయి ఈ ఇంటికి ఎట్లా వచ్చిందన్న మాట మీద ఒక పండుగ నాడు పెద్ద పంచాయితీ నడిచింది.

"మా తాత ఒక్క రాత్రిల తెచ్చిండు," అన్నాడు ఇంటి చిన్న కొడుకు. "అంతకుముందు మనింట్ల మట్టి చట్టి తప్ప ఏం లేకుండె. తాత పట్నం పోయి, రెండు బండ్లు కలిపి కట్టి, దాని మీద ఏసుకొని వచ్చిండు. ఊరు ఊరంత పొలిమేరల నిలబడి చూసిందట." కథ చెప్పడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. ఆ బండ్లకు కట్టిన ఎడ్ల రంగులు కూడా చెప్పేవాడు.

పెద్ద కొడుకుది వేరే కథ. గోదావరి పుష్కరాలకు పోయిన పెద్దలు కందకుర్తి సంగమంలో మునిగి లేస్తుంటే ఇసుకలో ఇనుప అంచు తగిలిందనీ, తవ్వితే కడాయి బయటపడిందనీ, అది అమ్మవారు ఇచ్చిందేననీ ఆయన నమ్మకం.

ఆ ఇంటి మనవరాలికి రెండు కథలూ నచ్చాయి. కానీ ఒకటి మాత్రం అర్థం కాలేదు. "నాయినమ్మా, గంత కడాయి ఒక్కరోజే వస్తే, దానికి సరిపోయే పొయ్యి ఎవరు తవ్విండ్రు? గన్ని పిప్పి యాడికెళ్లి వచ్చింది?"

నాయనమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి, "పోరి అడిగిందే అసలు ముచ్చట," అంది. "పో బిడ్డా, నువ్వూ అన్నా కలిసి ఇల్లంత దేవులాడుండ్రి. పాత కడాయి యాడ కనపడ్డా వాకిట్లకు పట్టుకరాండ్రి."

పిల్లలు వెతికారు. తులసి చెట్టు చుట్టూ మట్టిలో దిగేసి ఉన్న ఇనుప కట్టు నిజానికి కడాయి అంచు. అడుగు ఎప్పుడో కాలిపోయింది. కోళ్లను కమ్మే మూతలా వాడుతున్నది ఇంకొకటి. పశువుల కొట్టంలో ఊక పోసి ఉంచింది మూడోది. గోడకు చేరగిలబడి, అతుకు వేసిన అడుగుతో తుప్పు పట్టి ఉన్నది నాలుగోది. పొయ్యి మీదిది అయిదోది, దాన్ని కదపలేరు కాబట్టి ఆ పిల్ల పలుపు తాడుతో దాని చుట్టుకొలత తీసుకొచ్చి వాకిట్లో సున్నంతో అంత గుండ్రం గీసింది.

అన్నీ ఒకదానిలో ఒకటి పెట్టి చూశారు. తులసి దగ్గరిది నాలుగు కడవలది. కోళ్ల దగ్గరిది అయిదుకు కొంచెం తక్కువ. ఆ రెంటి మధ్య సందు వేలు పట్టేంతే. ఊక పోసినది ఏడు కడవలది, కోళ్ల మూతను దాంట్లో పెడితే సందు బెత్తెడు వచ్చింది. గోడ దగ్గరిది పదిన్నర. మళ్లీ వెడల్పాటి సందు.

"చూసిండ్రా, గిక్కడ ఎగిరింది," అన్నాడు చిన్న కొడుకు, ఆ సందు చూపించి.

"ఎగరలే కొడుకా," అంది నాయనమ్మ. "నడుమ ఒకటున్నది. నేను ఈ ఇంటికి కొత్త కోడలై వచ్చిన్నాడు కొలిమిల కాల్చి నాగలి కర్రులు కొట్టించిండ్రు. అవతలి సందుల ఉండాల్సినదాన్ని మంజీర పట్టుకపోయింది, గా వరద మీరు పుట్టకముందు. మొత్తం ఏడు. మనకు అయిదు దొరికినయ్. దొరకనియ్ లేనియ్ కావు."

"మరి ఒక్కోటి పెద్దగ చేయించాల్నని ఎవరనుకున్నరు?"

"ఎవరనుకోలే," అంది ఆమె. తరువాత ఆమె చెప్పినదంతా ఇది.

కడాయి అడుగు ఏళ్ల తరబడి మంట తిని పల్చబడి చిల్లు పడుతుంది. చిల్లు పడ్డాక బండి మీద వేసుకొని కమ్మరి ఇంటికి తీసుకుపోయేవాళ్లు. ఆ కమ్మరివాళ్లు కోనసముద్రం నుంచి వచ్చినవాళ్లు. ఒకప్పుడు కత్తులకు ఉక్కు కావాలని పర్షియా వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చిన కోనసముద్రం ఈ జిల్లాదే. కమ్మరి పాత కడాయిని ఇసుకలో బోర్లించి, చుట్టూ పుల్లతో గీత గీసి, ఆ గీతకు కొత్తది కొట్టేవాడు. సుత్తి దెబ్బకు ఇనుము ఒకసారి గీత దాటి సాగేది, ఒకసారి గీతకు లోపలే ఆగేది. ఆ తేడా ఎవరూ కోరింది కాదు, పట్టించుకున్నదీ కాదు.

కానీ గానుగ పట్టించుకునేది. చెరకు రసం ఎక్కువసేపు నిలవుండదు, పులుస్తుంది. గీతకు లోపల ఆగిన కడాయిలో పొద్దున ఆడిన రసం సాయంత్రానికి సగం మిగిలిపోయేది. మర్నాటికి పులిసి, పాకానికి పనికిరాక పారబోయాల్సి వచ్చేది. అట్లాంటిదాన్ని ఒకటి రెండేళ్లలో ఎవరికో అమ్మేసేవాళ్లు. గీత దాటి సాగినది రసాన్నంతా ఒక్క పోతలో తీసుకునేది. అది ఇంట్లో నిలిచేది. మళ్లీ చిల్లు పడ్డప్పుడు కమ్మరి ఇసుకలో బోర్లించేది దాన్నే.

"అట్లయితే పెద్దదే మంచిది కదా, ఒక్కసారే ఇంత చేయించుకుంటే అయిపోవు," అన్నాడు మనవడు.

"చేసుకున్నరు. ముంగట ముంగట ఒకసారి కమ్మరి చెయ్యి జారి చానా పెద్దది వచ్చింది. రెండోదాని తర్వాత. గది ఈ లెక్కలకు రాలే. ఎందుకు రాలేదో ఎరికనా? నడిజామునకే పిప్పి ఒడిసిపోయింది. రసం సగం పాకంల ఉన్నది, పొయ్యి సల్లారుతున్నది. కొట్టం మీది గడ్డి పీకి కాల్చిండ్రు, ఎడ్లకు దాచిన చొప్ప కాల్చిండ్రు. అయినా బెల్లం గట్టిపడలే. ఎడ్లు మేత లేక బక్కచిక్కినయ్. ఆ ఏడే దాన్ని అమ్ముకున్నరు. కడాయి అడిగినంత పొయ్యి పెట్టలేని ఇంట్ల పెద్ద కడాయి నిలవదు బిడ్డా."

నాయనమ్మ అత్తకు అత్తగారు ఆ పొయ్యిని మార్చింది. మోకాలి లోతుకు తవ్వించింది, వెనక్కి పొగపోయే సందు పెట్టించింది, పిప్పిని పచ్చిగా తోయకుండా ఎండలో పరచి గలగలమనేదాకా ఆరబెట్టించింది. అదే పిప్పి అంతకు రెట్టింపు మంటనిచ్చింది. కట్టె గానుగ పోయి మూడు రోళ్ల ఇనుప గానుగ వచ్చినప్పుడు రెండు జతల ఎడ్లు చేసే పని ఒక్క జతతో తీరింది. పశువుల కొట్టం సగానికి తగ్గింది. ఎడ్లు తినే చొప్పలో మిగిలింది పొయ్యికి వచ్చింది. అప్పుడు గీత దాటి సాగిన కడాయిలు ఇంట్లో నిలబడటం మొదలైంది.

"పొయ్యి మంచిగైనందుకు కడాయి పెరిగిందా, కడాయి పెరిగినందుకు పొయ్యి మంచిగైందా?" అని ఆ పిల్ల అడిగింది.

"రెండూ ఒకదాన్నొకటి గుంజుకపోయినయ్."

ఇంకో ముచ్చట కూడా ఆమె చెప్పింది. రెండో కడాయి నాటికి అన్నదమ్ములు వేరుపడ్డారు. తమ్ముడు నది అవతలికి పోయి, చిన్న కడాయి మీదే ఉండిపోయాడు. అక్కడ భూమి కొంచెం, చెరకు కొంచెం. పెద్దది వాళ్లకు దండగ. అట్లాంటి నాలుగు కడవల కడాయిలోనే ఎన్నో తరాలు చక్కటి బెల్లం వండుకొని బతికారు.

"వాళ్లకు తెలివి లేదా నాయినమ్మా?" అన్నాడు మనవడు.

ఆమెకు కోపం వచ్చింది. "నోరు మూయి. తులసి కాడ నువ్వు తొక్కి పోతున్నవే, గా కడాయి మీద మా పెద్దోళ్లు తొమ్మిది నోర్లు నింపిండ్రు. అది లేకుంటే నువ్వు యాడున్నవ్?"

తర్వాత పెద్ద కొడుకును పిలిచి సున్నం ముద్ద చేతికిచ్చింది. "ఇగో, గీ వరుసల చిన్న కడాయి యాడ ఒడిసింది, పెద్ద కడాయి యాడ మొదలైందో గీత గీయి."

అయిదు కడాయిల చుట్టూ, దొరకని రెంటికీ విడిచిన జాగా చుట్టూ ఆయన చాలాసేపు తిరిగాడు. ఎక్కడా గీయలేకపోయాడు.

నీతి

వాకిట్లో పేర్చిన ఆ వరుస మన తలదే. మనిషి మెదడు ఒక్క రాత్రిలో బండెక్కి రాలేదు, ఇసుకలో దొరకలేదు. తరం తర్వాత తరం, కంటికి ఆనని తేడాతో, ప్రతి పెరుగుదలకూ తిండి రూపంలో ధర కట్టుకుంటూ వచ్చింది.

ఇథియోపియాలోని హడార్‌లో 1974లో దొరికిన లూసీ సుమారు 32 లక్షల ఏళ్ల నాటిది. ఆమె జాతివాళ్ల మెదడు 450 ఘన సెంటీమీటర్లకు అటూ ఇటూ, అంటే చింపాంజీకన్నా కాస్త ఎక్కువ. టాంజానియాలోని ఓల్డువాయ్ లోయలో లీకీ దంపతుల తవ్వకాల్లో బయటపడి, 1964లో పేరు పెట్టుకున్న హోమో హాబిలిస్‌కు 600 దరిదాపుల్లో. యూజీన్ డుబోయ్ 1891లో జావాలో కనుగొన్న హోమో ఎరెక్టస్ పుర్రెలో సుమారు 900. మనకు సగటున 1350. ఇంకో సంగతి గమనించాలి. లూసీ అప్పటికే రెండు కాళ్ల మీద నడిచింది. టాంజానియాలోని లెటోలిలో అగ్నిపర్వత బూడిద మీద పడిన అడుగుజాడలు 36 లక్షల ఏళ్లకు పైబడినవి. తెలివి పెరిగి లేచి నిలబడ్డామని చాలామంది అనుకుంటారు. లేచి నిలబడ్డ ఎన్నో లక్షల ఏళ్లకు గానీ మెదడు పెరగలేదు.

450 నుంచి 1350కి, అంటే 900 ఘన సెంటీమీటర్లు పెరగడానికి దాదాపు 30 లక్షల ఏళ్లు పట్టింది. తరానికి పాతికేళ్లు వేసుకుంటే ఒక లక్షా ఇరవై వేల తరాలు. భాగించి చూడండి. తరానికి పెరిగింది ఘన సెంటీమీటరులో వందో వంతు కూడా లేదు. ఒక నీటి చుక్క పరిమాణంతో పోలిస్తే ఏడు తరాలకు ఒక్క చుక్క. ఏ తల్లీ తన బిడ్డ తల తన తలకన్నా పెద్దదని ఈ లెక్కలో గుర్తుపట్టి ఉండదు. సగటు లెక్క ఇది. నిజంగా జరిగినప్పుడు కొన్ని తరాలు ముందుకు, కొన్ని వెనక్కు, చాలా కాలం ఉన్నచోటే ఉండి ఉంటాయి.

పాత పాఠ్యపుస్తకాల బొమ్మలో ఒక్కో జాతి మెట్టు మెట్టుగా ఎక్కేది. కొత్త జాతి వచ్చినప్పుడల్లా పెద్ద తలతో దిగినట్టు ఉండేది. ఆ బొమ్మ తప్పని చెప్పే పరిశోధనలు ఈ మధ్య వచ్చాయి. 2018లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ డూ బృందం 30 లక్షల ఏళ్ల పుర్రెల కొలతలను కలిపి చూసి, పెరుగుదల నెమ్మదిగా, ఎడతెగక సాగిందని తేల్చింది. 2024లో థామస్ పుషెల్, క్రిస్ వెండిటీ బృందం 70 లక్షల ఏళ్ల దాకా వెనక్కి పోయి ఇంకో మాట చెప్పింది. పెరుగుదలలో ఎక్కువ భాగం జాతికీ జాతికీ మధ్య జరిగిన గెంతు కాదు, ఒక్కో జాతి లోపలే, దాని బతుకు పొడుగునా కొంచెం కొంచెంగా జరిగింది. కమ్మరి కొత్త నమూనా తెచ్చి కొట్టింది ఎప్పుడూ లేదు, ఇసుకలో బోర్లించింది ఎప్పుడూ పాతదే. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే.

దొరకని కడాయిల బాధ మన దేశానికి మరీ ఎక్కువ. మనకు తెలిసిన ఒకే ఒక్క ప్రాచీన మానవ పుర్రె మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున హత్నోరా దగ్గర బయటపడింది. 1982 డిసెంబరు 5న భారత భూగర్భ సర్వే శాస్త్రవేత్త అరుణ్ సోనాకియా దాన్ని గుర్తించారు. సగం విరిగిన ఆ పుర్రెలో మెదడు ఎంత ఉండేదో 1155 నుంచి 1421 దాకా అంచనాలు కట్టారు. తెలుగు నేల మీద పుర్రె లేదు, పనిముట్లున్నాయి. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, 74 వేల ఏళ్ల నాడు సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చి పడిన బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, ఆ పొర పైనా దొరికాయి. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం 2007లో ఈ సంగతి ప్రకటించింది. ఆ రాళ్లను చెక్కిన చేతుల వెనక ఏ తల ఉందో చెప్పే ఎముక ఒక్కటీ ఇంకా రాలేదు. ఎముక లేనంత మాత్రాన మనిషి లేడని కాదు.

ఇక ధర సంగతి. మన మెదడు బరువు ఒళ్లంతటి బరువులో రెండు శాతం. ఊరికే కూర్చున్నా ఒంటికి అందే శక్తిలో అయిదో వంతు దానిదే. రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. చెరకు పండించే సీమలో ఉన్నవాళ్లకు ఆ మాట వింటే చక్కెరే గుర్తొస్తుంది కాబట్టి ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆ గ్లూకోజు జొన్నరొట్టెలోంచి, అన్నంలోంచి, పప్పులోంచి ఒళ్లు తయారుచేసుకుంటుంది. పిల్లలకు మిఠాయి పెడితే మెదడు పెరగదు.

ఇంత తినే అవయవాన్ని ఒళ్లు ఎట్లా భరించింది? 1995లో లెస్లీ ఐయెల్లో, పీటర్ వీలర్ అనే పరిశోధకులు ఒక జవాబు చెప్పారు. మన సైజు కోతిజాతి జంతువుకు ఉండాల్సినదానికన్నా మన పేగులు చిన్నవి. పేగులు కూడా బాగా తినే అవయవమే. అవి తగ్గినచోట మిగిలిన శక్తి మెదడుకు పోయిందని వాళ్ల వాదన. కథలో సగానికి తగ్గిన పశువుల కొట్టం అదే. పేగులు తగ్గాలంటే తిండి మెత్తబడాలి, సారం పెరగాలి. రిచర్డ్ రాంగమ్ అనే పరిశోధకుడు దానికి నిప్పును చూపిస్తాడు. వండిన దుంప, వండిన మాంసం పచ్చివాటికన్నా ఎక్కువ శక్తినిస్తాయి. ఆ మాటలో బలం ఉంది గానీ, నిప్పు ఒక్కటే కారణమని నేను ఒప్పుకోలేను. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో మనిషి వాడిన నిప్పు ఆనవాళ్లు పది లక్షల ఏళ్ల నాటివి. మెదడు పెరగడం అంతకు చాలా ముందే మొదలైంది. రాయి చెక్కి ఎముక పగలగొట్టి మజ్జ తినడం, దుంపలు దంచి మెత్తగా చేసుకోవడం, వేటాడిన దాన్ని పంచుకోవడం ముందుగా వచ్చి ఉంటాయి. నిప్పు తర్వాత వచ్చి బలం చేకూర్చి ఉంటుంది.

నది అవతలి తమ్ముడూ కల్పన కాదు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో 2003లో దొరికిన పొట్టి మనుషుల మెదడు 400 దరిదాపుల్లోనే ఉంది. వాళ్లూ రాతి పనిముట్లు చేసుకున్నారు. దక్షిణాఫ్రికాలోని రైజింగ్ స్టార్ గుహలో దొరికిన హోమో నలేడి మెదడు 465 నుంచి 610 దాకా. వాళ్లు బతికింది సుమారు మూడు లక్షల ఏళ్ల కింద, మన జాతి తలెత్తుతున్న రోజుల్లోనే. యూరప్‌లోని నియాండర్తల్ మనుషుల మెదడు సగటున మనదానికన్నా ఏమాత్రం తగ్గదు, కాస్త ఎక్కువే. వాళ్లు పోయారు, మనం మిగిలాం. కాబట్టి ఈ పెరుగుదలకు ఒక గమ్యం ఉందనీ, ఆ గమ్యం మనమేననీ అనుకోవడానికి ఆధారం లేదు. నిజాం చక్కెర ఫ్యాక్టరీని 1937లో నకాశా గీసి కట్టారు, 2015 డిసెంబరులో మూశారు. మెదడుకు నకాశా గీసినవాళ్లు లేరు.

తల కొలిచి మనిషిని తూచే పాత రోగం ఒకటి ఉంది, దాన్ని ఇక్కడే నరికేయాలి. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం భారతీయుల మెదడు చిత్రపటాన్ని తయారుచేసింది. పాశ్చాత్యుల, చైనీయుల మెదడుతో పోలిస్తే మనవాళ్ల మెదడు సగటున చిన్నదని తేలింది. వార్త చదివి నొచ్చుకున్నవాళ్లున్నారు. ఆ పని ఉద్దేశం వేరు. మతిమరుపు జబ్బులో మెదడు కుంచించుకుపోతుంది. మనవాళ్ల స్కాన్‌ను పరాయి దేశం కొలతతో పోలిస్తే బాగున్నవాళ్లకూ జబ్బు ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. అందుకే మన కొలత మనకు కావాలి. ఇప్పటి మనుషుల మధ్య సైజు తేడా తెలివిని చెప్పదు. రష్యన్ రచయిత తుర్గెనెవ్ మెదడు రెండు కిలోలు దాటింది, ఐన్‌స్టీన్‌ది 1230 గ్రాములు, మామూలు సగటు కంటే తక్కువ.

లక్షల ఏళ్లలో జరిగిందంతా ప్రతి బిడ్డా అయిదేళ్లలో మళ్లీ తిండితో ధర చెల్లించి కొనుక్కోవాల్సిందే. పుట్టినప్పుడు మనిషి బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో దాదాపు మూడో వంతే ఉంటుంది. మిగతాదంతా బయటికి వచ్చాక, మనం పెట్టే తిండితో పెరగాలి. రెండేళ్లు నిండేసరికి ఎనభై శాతం దాకా చేరుతుంది. 2014లో క్రిస్టఫర్ కుజావా బృందం లెక్కగట్టింది: నాలుగైదేళ్ల పిల్ల ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు మెదడుకే పోతుంది. ఆ వయసులోనే ఒళ్లు అన్నిటికన్నా నెమ్మదిగా పెరుగుతుంది, మెదడు ముందు తన వాటా తీసుకుంటుంది గనక. తిండి చాలని ఇంట్లో ఆ వాటాకే లోటు పడుతుంది. నడిజామున పిప్పి ఒడిసిన పొయ్యి కథ ఇప్పుడు ఆ పిల్లలది.

మన దగ్గర దానికి ఏర్పాటు ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీ కేంద్రాలు వచ్చాయి. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. ఏడు నెలల వయసు నుంచి పిల్లలకు బాలామృతం పొట్లాలున్నాయి. తల్లికి అయోడిన్ చాలకపోతే కడుపులో బిడ్డ మెదడు దెబ్బతినవచ్చు, అందుకే అయోడిన్ ఉప్పు.

బోధన్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు తగ్గి వరి, సోయా, మొక్కజొన్న పెరిగాయి. అయినా నరుకుడు కాలం వచ్చిందంటే పొలం గట్ల మీద వలస కూలీల గుడిసెలు లేస్తాయి. ఇటుక బట్టీల పక్కనా అంతే. తల్లిదండ్రులు తెల్లారకముందే పనికి పోతారు. రెండేళ్ల పిల్లను ఆరేళ్ల అక్క ఎత్తుకొని గుడిసె ముందు కూర్చుంటుంది. ఆ ఊరివాళ్లు కాకపోవడంతో వాళ్ల పేర్లు తరచూ అంగన్‌వాడీ రిజిస్టరులో ఉండవు.

మీరు వర్ని, రుద్రూర్, కోటగిరి, ఎడపల్లి వైపు ఉండేవాళ్లయితే, మీ పొలంలోనో మీ పక్క పొలంలోనో ఇట్లాంటి గుడిసెలుంటే, అందులో ఆరేళ్లలోపు పిల్లలెందరో, కడుపుతో ఉన్నవాళ్లెందరో అడిగి తెలుసుకోండి. ఆ లెక్క తీసుకొని మీ ఊరి అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి పొండి, వాళ్ల పేర్లు రాయించండి. కూలి ముఠాను పిలిపించుకునే రైతు ముందే ఈ పని చేస్తే ఇంకా మంచిది.